ఆకు పేరు ఉంది, చెప్పినవాళ్ళ పేరేది?

పోయిన సంక్రాంతి సెలవులకు మా ఊరు కార్వేటినగరం పోయినప్పుడు స్కంద పుష్కరిణి మెట్ల మీద కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది. కుంటుకుంటూ ఇంటికొస్తే మా అవ్వ ఒక్క మాట కూడా అడగలేదు. దొడ్లోకి పోయి, గోడ వారన పెరిగిన కలుపు మొక్క ఆకులు నాలుగు తెంపి, అరచేతిలో నలిపి, గాయం మీద పసరు పిండింది. చుర్రుమంది.

"గాయపాకురా. నెత్తురు నిలిచిపోతాది" అంది.

నెత్తురు నిలిచింది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది.

"నీకు ఇదెవరు చెప్పినారవ్వా?"

"మాయమ్మ."

"ఆమెకో?"

"వాళ్ళమ్మ."

"మరి అందరికంటే ముందు ఎవురు కనిపెట్టినారు?"

"నాకేం తెల్సురా! కాలు తెగినోళ్ళే ఎవురో కనిపెట్టుంటారు. కాలు బాగున్నోళ్ళకు దాంతో ఏం పని?"

హాస్టలుకు తిరిగొచ్చాక ఆ మొక్క గురించి వెతికాను. కొన్నిచోట్ల గడ్డి చామంతి అంటారు. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అంటే ఈ మొక్క ఏ ఋషులకూ తెలియదు, ఏ ప్రాచీన గ్రంథంలోనూ ఉండే వీలు లేదు. సముద్రాలు దాటొచ్చి మన గట్ల మీద మొలిచిన పరాయి కలుపు. దాన్ని చూసి, నలిపి, వాసన చూసి, తెగిన చోట పెట్టి, పనికొస్తుందని తేల్చుకున్నది మన ఊళ్ళ జనమే. అదీ గత రెండు మూడు వందల ఏళ్ళలోనే.

ఇంతకాలం అవ్వ చెప్పేవన్నీ "తరతరాల నుంచి వచ్చినవి" అనుకునేవాణ్ణి. తరతరాల నుంచి వచ్చిందంటే ఎవరూ కొత్తగా ఏమీ చేయలేదనే అర్థం వస్తుంది కదా! గాయపాకు దానికి అడ్డం తిరిగింది. కొత్త మొక్క ఎదురైతే కొత్తగా పరీక్ష చేసి చూసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఎవరు, ఎలా చూశారు, ఎక్కడ సరిగ్గా చూశారు, ఎక్కడ పొరబడ్డారు అన్నదే ఈ వ్యాసం.

లండన్‌లో ఒక వీధి, ఒక మందుల అంగడి

మన ఇంజనీరింగ్ పుస్తకాల్లో సైన్సు చరిత్ర అంటే గెలీలియో, న్యూటన్, ఆ పక్కన మరో ఇద్దరు. చరిత్రకారులు ఇప్పుడు ఇంకో వైపు నుంచి కూడా చూస్తున్నారు. న్యూటన్ పుట్టకముందే, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, లండన్ నగరంలో లైమ్ స్ట్రీట్ అనే వీధి ఉండేది. అక్కడ జేమ్స్ కోల్ అనే పట్టు వర్తకుడు ఉండేవాడు. జేమ్స్ గారెట్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. మతకల్లోలాల వల్ల ఫ్లాండర్స్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు. పగలు అంగడి, మిగిలిన పొద్దంతా మొక్కలు, శిలాజాలు, పురుగులు. పెరట్లో విత్తనాలు వేయడం, ఎండబెట్టిన మొక్కలు ఒకరికొకరు పంపుకోవడం, ఉత్తరాలు రాసుకోవడం. ఇదంతా యూనివర్సిటీల బయటే.

1597లో జాన్ జెరార్డ్ పేరు మీద ఒక పెద్ద మూలికల పుస్తకం వచ్చింది. అది అచ్చులో ఉండగానే తప్పులు పట్టింది మందుల అంగడి గారెట్టే. ప్రచురణకర్తకు పోయి చెప్పాడు. ఆయన ఆ వీధివాడే అయిన లోబెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి దిద్దడానికి పెట్టాడు. కొంత దిద్దాక జెరార్డ్‌కు కోపమొచ్చి ఆయన్ని ఆపించాడు. చివరకు పేరు మిగిలింది జెరార్డ్‌కే. వీధి వీధంతా మరుగున పడింది.

దాదాపు నూరేళ్ళ తర్వాత అదే లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జేమ్స్ పెటివర్ అని ఇంకో మందుల వ్యాపారి. ఇతను పెద్దగా ఊరు కదలకుండానే ప్రపంచాన్ని ఇంటికి తెప్పించుకున్నాడు. ఓడల మీద పోయే వైద్యులకు, కెప్టెన్లకు, దూరదేశాల్లో కొలువు చేసేవాళ్ళకు ఉత్తరాలు రాసేవాడు. మొక్కను కాగితాల మధ్య ఎలా ఒత్తాలి, సీతాకోకచిలుకను ఎలా భద్రం చేయాలి అని సూచనలు అచ్చు వేయించి మరీ పంచేవాడు. అలా సేకరించి పెట్టినవాళ్ళలో బానిస వ్యాపారపు ఓడల మీద వైద్యులు కూడా ఉన్నారు. ఆ చేదు కూడా ఈ చరిత్రలో భాగమే. 1718లో పెటివర్ చనిపోయాక ఆ సేకరణను హాన్స్ స్లోన్ కొన్నాడు. ఆ మొక్కలు ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ లండన్ కథ మన ఊరి వ్యాసంలోకి ఎందుకొచ్చిందంటే, ఆ పెటివర్‌కు అందిన మొక్కల కట్టల్లో ఒకటి మన దారిలో ఏరినదే.

1696 జూన్: చెన్నపట్నం నుంచి తిరుపతికి

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్ళకు సముద్రపు ఒడ్డున కాస్త చోటిచ్చాడు. యాభై అరవై ఏళ్ళు తిరిగేసరికి అక్కడ పెద్ద పట్నమే లేచింది. కోట లోపల కంపెనీవాళ్ళు, బయట తెలుగు, తమిళ నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు, కోమట్లు, బోయీలు, వైద్యులు, మూలికలు అమ్మేవాళ్ళు. చెన్నపట్నం అంటే అదే.

ఆ కోటలో సామ్యూల్ బ్రౌన్ అనే సర్జన్ ఉండేవాడు. జబ్బులు మనవి, మందులు ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి. వచ్చేసరికి సగం పాడైపోయేవి. అందుకని ఇక్కడి మొక్కలు తెలుసుకోవడం ఆయనకు సరదా కాదు, అవసరం. మొక్కలు ఏరి, ఒత్తి, స్థానిక పేరు, దేనికి వాడతారు అని రాసి పుస్తకాలుగా కట్టి లండన్‌లో ఉన్న పెటివర్‌కు పంపేవాడు. పెటివర్ వాటిని వివరణలతో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించేవాడు.

అందులో ఏడో పుస్తకం వివరం చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ మొక్కలు 1696 జూన్ 15 నుంచి 20 లోపల, సెయింట్ జార్జి కోట నుంచి సుమారు 70 మైళ్ళ దూరంలో ఉన్న "ట్రిప్పెటీ"కి పోయే దారుల్లో ఏరినవట. ట్రిప్పెటీ అంటే మన తిరుపతి! చెన్నపట్నం నుంచి తిరుపతికి పోవాలంటే నగరి కొండలు, పుత్తూరు వైపు నేల దాటాలి. మా ఊరి పక్క నేల అది. ఇప్పటికీ మేం చెన్నై బస్సు కోసం ఆ వైపే పోతాం.

జూన్ నడిమి రోజులు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఎండ పూర్తిగా తగ్గదు, వాన పూర్తిగా రాదు. ఆ ఎండలో ఆరు రోజుల్లో ఒక పుస్తకానికి సరిపడా మొక్కలు, పేర్లు, ఉపయోగాలు పోగయ్యాయంటే, ఒక్క ఇంగ్లీషు సర్జన్ కళ్ళతో అయ్యే పని కాదు. ఏ పొద వెనక ఏ తీగ ఉందో తెలిసినవాడు పక్కన ఉండాలి. "దీన్ని ఫలానా అంటాం, పిల్లలకు కడుపునొప్పికి ఇస్తాం" అని చెప్పేవాడుండాలి. ఆ మాటను అర్థం చేసుకుని ఇంగ్లీషులోకి మార్చే దుబాసి ఉండాలి. అచ్చులో మాత్రం బ్రౌన్ పేరుంది, పెటివర్ పేరుంది. మొక్కల స్థానిక పేర్లూ ఉన్నాయి. ఆ పేర్లు పలికిన నోళ్ళకు పేరు లేదు.

బ్రౌన్‌కు ఇంకో కథ కూడా ఉంది. 1693లో జేమ్స్ వీలర్ అనే కౌన్సిల్ సభ్యుడికి బ్రౌన్ మందిచ్చాడు. అంతకుముందు పాషాణం నూరిన కల్వాన్ని సరిగా కడక్కుండానే పనివాడు అందులో మందు నూరాడు. వీలర్ చనిపోయాడు. బ్రౌన్ తనే గవర్నరుకు ఉత్తరం రాసి జరిగింది ఒప్పుకున్నాడు. శవపరీక్ష, విచారణ జరిగాయి. చివరకు విడుదలయ్యాడు. మందు పని అంటే ఎంత ప్రాణాల మీది పనో ఈ కథ చెబుతుంది. ఆకు ఏదో తెలిస్తే చాలదు. కల్వం కడగడం దగ్గర్నుంచి ప్రతి మెట్టూ తెలిసిన చేయి కావాలి. ఆ చేతులు ఎప్పుడూ పనివాళ్ళవే.

మాటల్లో మిగిలిన ముద్ర

మా ఊరికి ఒక గర్వం ఉంది. వేణుగోపాలస్వామి మీద పదాలు రాసిన సారంగపాణి కార్వేటినగరం సంస్థాన కవి. మన మాండలికం, మన సామెతలు ఆయన పదాల్లో వినిపిస్తాయి. పదం చివర "వేణుగోపాల" అనే ముద్ర ఉంటుంది. మూడు వందల ఏళ్ళు కావస్తున్నా పాడేవాళ్ళకు అది ఎవరిదో తెలిసిపోతుంది.

ఆకు చెప్పినవాళ్ళకు, పాము పట్టినవాళ్ళకు అలాంటి ముద్ర లేదు. కానీ కొంచెం వెతికితే ఒక రకం ముద్ర దొరికింది. వాళ్ళ మాటలే.

పందికొక్కు తీసుకోండి. ఇంగ్లీషులో బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పుట్టిందే. ఆ ఎలుకల ప్రజాతికి శాస్త్రీయ నామం బాండికోటా. అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కుతో, పొట్టకు సంచితో ఉండే ఒక జంతువు కనబడితే దానికీ బాండికూట్ అనే పెట్టారు. మన గాదెల కింద బొక్కలు చేసే జీవి పేరు తెలుగు తెలియని ఖండంలో స్థిరపడిపోయింది.

ఇక పాములు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం తిరగేస్తే తెలుగువాడికి నవ్వొస్తుంది, గర్వమూ కలుగుతుంది. బొమ్మల పక్కన పేర్లు తెలుగులో ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. పసుపు, నలుపు పట్టీల పాముకు "బంగారు పాము" అని రాసుకున్నాడు. దాని నుంచే బంగారస్ అనే ప్రజాతి నామం వచ్చింది. మన కట్లపాము కూడా ఈ బంగారస్ కుటుంబంలోదే. మనం రక్తపింజర అనే పామును ఆయన "కాటుకరేకుల పొడ" అని రాశాడు. పొడ అంటే మచ్చ. కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలు ఉన్నది అని. ఆ పాము ఫోటో ఒకసారి చూడండి. ఒంటి మీద వరుసగా కోలగా మచ్చలు, ప్రతి మచ్చకూ నల్లటి అంచు. ఇంతకంటే మంచి వర్ణన ఏ కవి చేయగలడు? ఆ పేరు పెట్టినవాడు పాముల్ని దగ్గరగా, ఓపిగ్గా చూసినవాడు. అయితే శాస్త్రంలో ఆ పాము పేరు ఇప్పుడు డబోయా రస్సెలీ. ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్. ఒక తెలుగు పాములవాడి కవిత్వం పోయి డాక్టరు గారి ఇంటిపేరు వచ్చింది.

చెట్లదీ ఇదే వరస. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల మీద 1795 నుంచి మూడు పెద్ద సంపుటాలు తెచ్చాడు. మొత్తం 300 బొమ్మలు. గీసింది ఇక్కడి చిత్రకారులు. మొక్కలకు తెలుగు పేర్లు ఇచ్చాడు. జ్వరానికి మనవాళ్ళు వాడే సోమిద చెట్టు బెరడు ఆయన కంట పడింది. పెరూ నుంచి తెచ్చే సింకోనా బెరడుకు బదులు దీన్ని వాడొచ్చా అని ఆలోచించాడు. ఆ చెట్టు ప్రజాతి నామం ఇప్పటికీ సోయ్‌మిడా. తెలుగు మాటే, కొద్దిగా నాలుక తిరగక.

ఎక్కడ ఒప్పు, ఎక్కడ తప్పు

ఇక్కడి దాకా రాసి ఆపేస్తే ఇది "మనవాళ్ళకు అన్నీ తెలుసు" అనే వ్యాసం అయిపోతుంది. వాట్సాప్‌లో అలాంటివి రోజుకు పది వస్తాయి. నేను ఆపలేను. ఎందుకంటే మా మామ.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సాయంత్రం మామ శెనక్కాయ చేన్లో ఉండగా పాము కరిచింది. మామ పామును చూశాడు. "పొడపాము" అని ఖాయంగా చెప్పాడు. కాటుకరేకుల పొడ అన్నమాట. పామును గుర్తించడంలో ఆయన తప్పు చేయలేదు. తప్పు తర్వాత జరిగింది. పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి మోటారు సైకిలు మీద తీసుకుపోయారు. ఆయన ముక్కులో పసరు పోశాడు, కాలు కట్టాడు, రాత్రికి నిద్రపోనియ్యొద్దన్నాడు. గంటన్నర పోయింది. పంటి చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం చూసి అత్త గోల పెడితే అప్పుడు ఆసుపత్రికి పోయారు.

అక్కడ డాక్టరు చేసిన పరీక్ష నాకు ఇప్పటికీ గుర్తుంది. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టాడు. మామూలు రక్తం అయితే గడ్డకట్టాలి. వంచి చూస్తే నీళ్ళలా జారింది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బ తీస్తుంది. వెంటనే విషం విరుగుడు మందు ఎక్కించారు. మామ బతికాడు. కిడ్నీల కోసం చాలా వారాలు తిరగాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక నేను పసరాయన మీద కోపంగా మాట్లాడితే మామే అడ్డుపడ్డాడు. "వాడు మోసగాడు కాదురా. వాడి చేత పసరు పోయించుకుని బతికినోళ్ళు ఎంతమందో నాకు తెలుసు" అన్నాడు.

ఆ మాట నిజమే. ఇంజనీరింగుకు వచ్చి ప్రాబబిలిటీ చదివాక ఆ నిజం వెనక ఉన్న చిక్కు అర్థమైంది. మన పొలాల్లో తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషం ఉన్న పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటి కాటుకు పసరు పోసినా బతుకుతాడు, మంచినీళ్ళు పోసినా బతుకుతాడు. పేరు మాత్రం పసరుకొస్తుంది. పోసినా చనిపోయినవాడు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పడు. "ఆలస్యంగా తెచ్చారు" అనో, "వేళ మంచిది కాదు" అనో సరిపెడతారు. పసరాయన కళ్ళముందు గెలుపులే కనిపిస్తాయి. ఆయన అబద్ధం ఆడటం లేదు, లెక్క ఆయన్ని మోసం చేస్తోంది.

విశాఖలో రస్సెల్ చేసిన మంచి పని ఇక్కడే ఉంది. పాముకాటుకు గొప్ప విరుగుడని ఆ రోజుల్లో పేరుపడ్డ తంజావూరు మాత్ర ఉండేది. పాషాణం కలిసిన మాత్ర. ఆయన దాన్ని నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. పాములతో జంతువులను కరిపించి పరీక్షించి చూశాడు. మాత్ర విరుగుడు కాదని తేల్చాడు. పాముల పేర్లకు పాములవాళ్ళను నమ్మినాయన, మందు దగ్గరికొచ్చేసరికి పరీక్ష అడిగాడు. రెండూ మర్యాదే.

దీన్నుంచి నాకు ఒక సూత్రం దొరికింది. జవాబు త్వరగా, స్పష్టంగా, మళ్ళీ మళ్ళీ దొరికే చోట జనం చదువు గట్టిగా ఉంటుంది. జవాబు ఆలస్యంగా, మసకగా దొరికే చోట పొరపాటు దూరుతుంది. ఇంజనీరింగు భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్.

దీనికి రెండు ఉదాహరణలు చూడండి. మొదటిది మన శ్రీకాళహస్తి, అటు మచిలీపట్నం కలంకారీ. చిరివేరు అనే చిన్న మొక్క వేరు నుంచి ఎరుపు వస్తుంది. ఊరికే ముంచితే గుడ్డకు పట్టదు. ముందు కరక్కాయ, పాలు, ఆ తర్వాత పటిక. అప్పుడు ఉడికిస్తే ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపు. పటికలోని అల్యూమినియం రంగును నూలుకు కట్టేస్తుందని మన కెమిస్ట్రీ చెబుతుంది. అద్దకంవాళ్ళకు అల్యూమినియం తెలియదు. కానీ ప్రతి గుడ్డా ఒక ప్రయోగమే. ఉతికిన సాయంత్రానికే జవాబు వస్తుంది. రంగు పోతే బేరం పోతుంది. అందుకే వాళ్ళ చదువు ఎంత గట్టిదంటే, 1742లో పుదుచ్చేరి నుంచి కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఆ పద్ధతిని ఇక్కడి అద్దకంవాళ్ళ దగ్గర తెలుసుకుని మెట్టు మెట్టుగా ఉత్తరంలో రాసి పంపాడు. యూరప్ అద్దకం పరిశ్రమ దాన్ని శ్రద్ధగా చదివింది. ఇక్కడా ఉత్తరం రాసినాయన పేరుంది, నేర్పినవాళ్ళ పేరు లేదు.

రెండోది మా పక్కనే, పుత్తూరు కట్టు. ఎముక విరిగితే ఆకు లేపనం, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టు. వేటలో దెబ్బతిన్న జంతువును ఆకుల్లో చుట్టి తెస్తే దాని ఎముక అతుక్కుందని, అక్కడి నుంచే ఈ వైద్యం మొదలైందని పుత్తూరు వైపు కథ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, ఎముకను సరిగ్గా కూర్చి కదలకుండా పట్టుకుంటే శరీరమే అతుకుతుందన్నది ఏ ఆర్థోపెడిక్ పుస్తకమైనా చెప్పేదే. రోజూ పదుల చేతులూ కాళ్ళూ తడిమిన వేళ్ళకు ఆ కూర్చడం వస్తుంది. అదే వేళ్ళకు లోపల చిట్లిన రక్తనాళం కనిపించదు. ఇప్పుడు ఎక్స్‌రే చేతపట్టుకుని కట్టుకు వచ్చేవాళ్ళు ఉన్నారు. రెండు చదువులు ఒకే గదిలో కలుసుకోవడం అంటే అదే.

పాముల విషయంలోనూ ఆ కలయిక జరిగింది. 1978లో చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ళు పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు తోళ్ళ కోసం పాముల్ని పట్టేవాళ్ళు. చట్టం ఆ వ్యాపారాన్ని ఆపేసింది. ఇప్పుడు పామును పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. ఆ విషంతో మన దేశంలో విరుగుడు మందు తయారవుతుంది. మా మామ రక్తంలోకి ఎక్కింది అలాంటి మందే. మామను కాపాడింది పసరా, డాక్టరా అని ఇంట్లో వాదన జరిగినప్పుడల్లా నాకు మూడో పేరు గుర్తొస్తుంది. ఏ పొద కింద ఏ పాము ఉంటుందో తెలిసిన ఆ పాములవాళ్ళు.

ఈ వాదన చిన్నది కాదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు చనిపోయినవాళ్ళు దాదాపు 12 లక్షల మంది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే. కాబట్టి మిత్రులారా, పాము కరిస్తే పసరు వద్దు, కోయడం వద్దు, బిగించి కట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా ఆసుపత్రి.

మనం చేయదగ్గ పని

మన క్లబ్బులో కథలు రాస్తాం, కవితలు రాస్తాం. ఈ సెలవులకు ఇంకోటి రాద్దాం. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుందాం. ఒక్కో మొక్కకు, పురుగుకు, పిట్టకు ఒక్కో పేజీ. పేజీలో ఇవి ఉండాలి:

1. మీ ఇంట్లో పలికే పేరు, ఉన్నది ఉన్నట్టు. నిఘంటువు చూసి దిద్దొద్దు.
2. ఎక్కడ, ఏ నెలలో కనిపించింది. వీలైతే ఫోటో.
3. దేనికి వాడతారు, ఎలా. ఎంత మోతాదు, ఏం కలుపుతారు.
4. పని చేసినప్పుడు ఏమైంది. పని చేయనప్పుడు ఏమైంది. ఈ రెండో ప్రశ్న తప్పకుండా అడగాలి.
5. చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళకు ఇష్టమైతేనే. వాళ్ళకు ఎవరు చెప్పారో కూడా.

బ్రౌన్ పుస్తకంలో మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది రస్సెల్ కొంత చేశాడు. ఐదోది ఎవరూ సరిగా చేయలేదు. అది మన వంతు.

నేను మొదలుపెట్టాను. మొదటి పేజీ గాయపాకుదే. అవ్వను ఫోన్లో నాలుగో ప్రశ్న అడిగాను. "ఎప్పుడైనా పని చేయలేదా అవ్వా?" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "మీ తాతకు కాల్లో మేకు దిగినప్పుడు ఇదే పెట్టినా. పైకి మానింది, లోపల చీము పట్టింది. చిత్తూరు పెద్దాసుపత్రిలో కోసినారు. అప్పట్నుంచి తుప్పు ఇనుము దిగితే ఆకు పెట్టను, సూదేయించుకోమంటా."

ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి. గాయపాకు పేజీలో నాలుగో వరుస ఎదురుగా అది రాసుకున్నాను. ఐదో వరుసలో పేరు రాయాలన్నాను. "నా పేరెందుకురా, సిగ్గులేకుండా" అని నవ్వింది. ఆ తర్వాత, ఫోన్ పెట్టేసే ముందు, "మాయమ్మ పేరు కూడా రాస్తావా?" అని అడిగింది.

రాశాను.